క్లచ్చి మీద చెక్కముక్క

నేడీన్ తన వంటింటి బల్ల మీద కంచం పెట్టి ఏడు నెలలు దాటింది. తిండంతా నిలబడే, పొయ్యి పక్కనే, గిన్నెలోంచే. బల్లనంతా జానా బెత్తెడు పొడవున్న ఒక బొమ్మ పందెం కారు, దాని పనిముట్లూ ఆక్రమించుకుని కూర్చున్నాయి మరి. ముందు సైకిలు చక్రాల్లాంటి రెండు సన్న చక్రాలు, వెనక రోలరుల్లాంటి రెండు లావు చక్రాలు, మధ్యలో ఒట్టి గొట్టాల చట్రం, దాని మీద ఇంజను. నడిపేవాడు వెనక చక్రాలకన్నా వెనక్కి, వడిసెలలో రాయిలా కూర్చుంటాడు. పావుమైలు పందేల తొలిరోజుల్లో అన్నీ అలాంటి బళ్ళే.

అసలు కారు వర్జిల్ కేగిల్ గారిది. ఇది అందులో పదహారో వంతు. ఈ బొమ్మకార్లు కట్టేవాళ్ళు మామూలుగా పాతికో వంతులో కడతారు, అరలో పట్టాలి కదా. నేడీన్ మాత్రం పెద్ద కొలత ఎంచుకుంది. ఎందుకంటే దీన్ని చూడబోయేవి కళ్ళు కావు, వేళ్ళు.

వర్జిల్ గారికి ఎనభై తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళ కిందట కంటి మధ్యలో మసక మొదలై, ఇప్పుడు వెలుతురెటు, చీకటెటు అన్నంతవరకే మిగిలింది. కిందటి అక్టోబరులో ఆయన కూతురు షార్లీన్ ఫోను చేసింది.

"నేడీన్ అక్కా, మే నెలాఖరుకి నాన్నను కింగ్‌మన్‌లో మా ఇంటికి తీసుకెళ్ళిపోతున్నా. ఇల్లు అమ్మేస్తున్నాం."

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోక ఏం చేస్తారు, మొన్న స్టవ్వు మీద చొక్కా పెట్టారు. అది కాదు అక్కా, నిన్న ఒక మాటన్నారు. కళ్ళు పోతే పోయాయి, ఆ కారు కూడా పోతోందే అన్నారు. ఇదివరకు కళ్ళు మూసుకుంటే కనబడేదట. ఇప్పుడు దాని రూపు అందట్లేదట."

ఫోను పెట్టేసి నేడీన్ బల్ల మీద ఉన్న పళ్ళబుట్టను తీసి కింద పెట్టింది. ఆయన వెళ్ళేలోపు ఆ కారు రూపును ఆయన చేతిలో పెట్టాలి. అంతే అనుకుంది. ఆయన చేతులు దాన్ని గుర్తుపడతాయా లేదా అన్నది అప్పటినుంచీ ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆయనంటే ఆమెకు ఎందుకంత అని అడిగితే, చమురు బావుల ఊరైన ఆయిల్‌డేల్‌లో పెరిగినవాళ్ళకు తప్ప మిగిలినవాళ్ళకు చెప్పడం కష్టం. నేడీన్‌కు పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చమురు బావి మీద పని చేస్తూ ఇనప గొట్టం మీదపడి పోయాడు. వాళ్ళమ్మ లాండ్రీలో చేరింది, చీకటి పడ్డాక గానీ వచ్చేది కాదు. బడి వదిలాక ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ వీధి చూస్తుండేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఫలహారాలు తెచ్చి, తల నిమిరి, అయ్యో అని వెళ్ళేవారు. ఆ అయ్యోలకే ఆ పిల్లకు ఇంకా ఏడుపొచ్చేది. పక్కింటి వర్జిల్ ఒక్కడే అయ్యో అనలేదు. వెల్డింగు పని చేసే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. కంచె మీంచి తల పెట్టి, "ఏయ్ పొట్టీ, ఖాళీగా ఉన్నావా? వచ్చి ఈ లైటు పట్టుకో" అన్నాడు.

ఆ రోజు మొదలు. లైటు పట్టుకోవడం, బోల్టులు సైజువారీగా డబ్బాల్లో వెయ్యడం, పానాలు అందించడం. వర్జిల్ ఇంటి గరాజులోనే కారు తయారైంది. ఆదివారాలు దాన్ని బయటికి తీసి, ట్రైలరు దాకా దొర్లించి, ఊరి బయట పాత విమానాల మైదానానికి తీసుకెళ్ళేవారు. వాళ్ళ గరాజు ముందు నేల వాలు. వర్జిల్, ఆయన స్నేహితులు వెనకనుంచి నెడుతుంటే కారులో కూర్చుని చక్రం తిప్పుతూ, బ్రేకు పట్టుకుని, క్లచ్చి తొక్కి పట్టేది నేడీనే. కాలు అందేది కాదు. అందుకని వర్జిల్ నాలుగంగుళాల చెక్కముక్క కోసి, రాగి తీగతో క్లచ్చి పెడలుకు కట్టాడు. పందెం మైదానంలో బళ్ళు తనిఖీ చేసే ఆయన వంగి చూసి, "ఇదేమిటోయ్ వర్జిల్, ఈ చెక్క?" అంటే, "మా రెండో డ్రైవరు కొంచెం పొట్టి సార్" అన్నాడు. ఆ ఏడాదంతా ఆ చెక్కతోనే పరిగెత్తాడు, తియ్యనే లేదు.

ఆ గరాజులో అలవాటైన చేతులే నేడీన్‌కు తర్వాత అన్నం పెట్టాయి. ముప్పై నాలుగేళ్ళు కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పని చేసింది. ఊళ్ళో సగంమంది నవ్వు ఆమె చేతిదే. రిటైరయ్యాక ఆ పనిముట్లే బొమ్మకార్లకు పనికొచ్చాయి. ఇంత జరిగినా వర్జిల్ గారికి ఆమె ఎన్నడూ థాంక్స్ చెప్పలేదు. ఆ ఊళ్ళో అలాంటి మాటలు నోటితో అనరు. ఆపిల్ పై లాంటిదేదైనా కాల్చినప్పుడు ఒకటి కంచె మీంచి అందిస్తారు, అంతే.

అసలు కారును పంతొమ్మిదివందల అరవై ఐదులో ఎవరికో అమ్మేశారు. కొన్నవాడు ఇంజను కోసం దాన్ని ముక్కలు చేసేశాడు. ఫోటోలన్నీ ఒకసారి నీళ్ళ ట్యాంకు పగిలి తడిసి ముద్దయిపోయాయి. మిగిలింది ఒక్కటే, ఎప్పుడో మూతపడ్డ ఒక పేపరులో పడ్డ ఫోటో. నేడీన్ వాళ్ళమ్మ దాన్ని కత్తిరించి బైబిలులో దాచింది. రంగు వెయ్యకముందు, ఒట్టి ప్రైమరు మీద ఉన్న కారు, పక్కన నవ్వుతూ వర్జిల్.

ఆ ఒక్క ఫోటో పెట్టుకుని కట్టింది నేడీన్. రెండు పాత బొమ్మకారు కిట్లు తెరిచి ఒకదాని చట్రం, ఇంకొకదాని ఇంజను తీసుకుంది. మిగిలినవన్నీ సొంతం. ఇంధనం గొట్టాలకు తగరపు తీగ, యాక్సిలరేటరు కడ్డీకి గిటారు తంతి, ట్యాంకు మూతకు గుండుసూది తల, సీటుకు పాత చేతిసంచి తోలు. క్లచ్చి మీదికి కాఫీ కలిపే పుల్లను కోసి, వెంట్రుకంత రాగి తీగతో కట్టింది. అది ఫోటోలో లేదు. ఆమెకు గుర్తుంది.

వర్జిల్ గారు ప్రయాణమయ్యేది ఆదివారం. శనివారం మధ్యాహ్నం ఆయనింట్లో భోజనం. గురువారం పొద్దున్న కారును చెప్పుల పెట్టెలో సర్దుకుని నేడీన్ డోనట్ల కొట్టుకు వెళ్ళింది. బొమ్మకార్లు కట్టే ఐదారుగురు ముసలివాళ్ళు ప్రతి గురువారం అక్కడ కలుస్తారు. వాళ్ళలో లూపే అర్రియోలా అనే ఆయన లేతు మెషీను మీద నలభై ఏళ్ళు పని చేసినవాడు, పోటీల్లో జడ్జిగా కూడా కూర్చుంటాడు. దేవుడు దిగివచ్చినా చొక్కా గుండీలు లెక్కపెట్టే రకం.

లూపే భూతద్దం పెట్టి కారునంతా చూశాడు. పెడలు దగ్గర ఆగాడు.

"ఈ పుల్ల ఏమిటి?"

"ఉండాల్సిందే."

"ఏ జడ్జికీ కనబడదు."

"జడ్జికి కాదులే."

ఆయన ఫోటో అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. భూతద్దం బల్ల మీద పెట్టి, చేతిలో డోనట్టు కూడా పక్కన పెట్టాడు. అప్పుడే నేడీన్‌కు ఏదో అయిందని అర్థమైంది. లూపే డోనట్టు పక్కన పెట్టే మనిషి కాదు.

"కోమాద్రే," అన్నాడు. స్పానిష్‌లో ఆప్తురాలిని అలాగే పిలుస్తారు. "ఈయన చొక్కా జేబు ఎటుంది?"

"కుడివైపు. ఉంటే?"

"మీ ఆయన చొక్కాలు ఎన్నేళ్ళు ఉతికావు?"

"నలభై రెండు."

"ఒక్కదానికైనా కుడివైపు జేబుందా?"

బల్ల చుట్టూ అందరూ ఫోటో మీదికి వంగారు. లూపే మెల్లగా అన్నాడు, "పేపరువాళ్ళు ఫోటోను తిరగేసి అచ్చేశారమ్మా. ఎడమ కుడైంది. బ్రేకు ఆ పక్కది కాదు, ఈ పక్కది."

ఈ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పది. కారు మీద ఒక్క అక్షరమో అంకెయో ఉంటే చంటిపిల్లాడైనా పట్టేసేవాడు. ప్రైమరు మీద అక్షరమేది? ఇంజను రెండువైపులా ఒకేలా ఉంటుంది, మనిషి నట్టనడుమ కూర్చుంటాడు. ఇక పట్టుకోవడానికేముంది, చొక్కా జేబు తప్ప.

"ఆయన చొక్కా అలా కుట్టించుకున్నాడేమో నీకేం తెలుసు" అంది నేడీన్.

"వెల్డింగు చేసేవాడు, దర్జీ దగ్గర చొక్కా?"

"నీ డోనట్టు తిను" అని పెట్టె మూసుకుని ఇంటికొచ్చేసింది.

వచ్చి కారును బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. బ్రేకు కడ్డీ ఎడమపక్కన ఉంది. చూసేకొద్దీ అదే సరైనదనిపిస్తుంది. కుడిపక్కన ఊహించుకుంటే అదీ సరైనదే అనిపిస్తుంది. ఏడు నెలలు ఆ ఫోటోనే చూసి చూసి, తను కూర్చున్న కారును తనే మరిచిపోయింది. ఆ సంగతికే ఆమెకు సిగ్గేసింది. ఆయన చెయ్యి బ్రేకు కోసం వెళ్ళి ఖాళీ గాలిని పట్టుకుంటే, ఇది నాది కాదు అనుకోడూ?

చివరికి లేచి కుర్చీని వంటింటి మధ్యకు లాగింది. దాని ముందు బకెట్టు బోర్లించి కాళ్ళు చాపి పెట్టింది. కళ్ళు మూసుకుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పట్టపగలు, వంటింట్లో, బకెట్టు మీద కాళ్ళు పెట్టుకుని. ఎవరైనా చూస్తే షార్లీన్‌కు ఫోను చేసి నేడీన్‌ను కూడా తీసుకుపొమ్మనేవారు.

ముందు ఏమీ రాలేదు. తర్వాత కాలిన నూనె వాసన వచ్చింది. ఎడమ పాదం కింద చెక్క అంచు. వెనకనుంచి మగవాళ్ళ నవ్వులు. నేల వాలు మొదలయ్యే చోట చక్రాలు ఒక్కసారి ముందుకు తూలడం. "జారుతోంది పొట్టీ, పట్టు."

ఆమె కుడిచెయ్యి తనంతట తాను చాచుకుని గాలిని గట్టిగా పట్టుకుంది.

కళ్ళు తెరిచాక కూడా అరచేతిలో ఆ కడ్డీ తెలుస్తూనే ఉంది. నున్నగా లేదు. కరెంటువాళ్ళ నల్ల టేపు చుట్టి ఉండేది, ఎండకు కొంచెం బంకగా. ఫోటోలో అది కూడా కనబడలేదు. ఫోను తీసింది.

"లూపే, సన్న రంపం పట్టుకుని రా. వచ్చాక ఏమీ అనకు."

లూపే రంపంతోపాటు భార్య మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెలు ఆరు మూటగట్టుకుని వచ్చాడు. "ఏమీ అనను. అనలేదు కూడా. చూశావా, నోరు మూసుకునే ఉన్నాను" అంటూ లోపలికొచ్చాడు.

ఈ బొమ్మలకు వాడే జిగురు అతికించదు, ప్లాస్టిక్కును కరిగించి రెండూ ఒకటి చేసేస్తుంది. కోస్తే బ్రేకు కడ్డీతోపాటు పక్కరేకు చర్మం కూడా లేచొచ్చింది. నేడీన్ పళ్ళు బిగబట్టుకుంది. లూపే గాయానికి ప్లాస్టిక్కు ముక్క అతికి, పుట్టీ పూశాడు. బ్రేకు కుడికి వచ్చింది. సన్నగా కోసిన టేపును నేడీన్ పంటిపని చేసే పట్టకారుతో ఆ కడ్డీకి తొమ్మిది చుట్లు చుట్టింది. ఇక ఎదుటిపక్కన ఉన్న ఇంకో చిన్న పిడిని కూడా ఇటునుంచి అటు మార్చాలి.

"ఇది దేనిదో తెలుసా నీకు?" అన్నాడు లూపే పిడిని వేళ్ళ మధ్య పట్టుకుని.

"వర్జిల్ గారు లాగేవారు, నెట్టేముందు. టక్కుమనేది."

"టక్కుమంటుంది. ఇది లాగితే ఇంజనుకీ వెనక చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. బండి ఉయ్యాలలా దొర్లుతుంది."

"ఊఁ."

"మరి ఇది లాగాక నువ్వు క్లచ్చి తొక్కడం దేనికి?"

నేడీన్ పట్టకారు బల్ల మీద పెట్టింది. లూపే తల వంచుకుని పిడికి జిగురు పూస్తున్నాడు, ఆమె వైపు చూడలేదు. మంచివాడు. ఆ టక్కు శబ్దం ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉంది. ప్రతి ఆదివారం, ముందు టక్కుమనడం, ఆ తర్వాతే "రెడీనా పొట్టీ, క్లచ్చి తొక్కి పట్టు, నువ్వు వదిలితే మేమంతా అయిపోతాం" అనడం. ఏడాది పొడుగునా ఆమె వేళ్ళు నొప్పెట్టేదాకా తొక్కి పట్టింది. వర్జిల్ ఆ చెక్క కోయడం, తీగ చుట్టడం, తనిఖీ ఆయన ముందు నవ్వులపాలవడం, పందెంలో కూడా తియ్యకుండా ఉంచడం, అదంతా అవసరమే లేని పనికి. మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకునే పిల్లకు కాళ్ళు ఆనించే చోటు కావాలి కాబట్టి.

"తమాలెలు చల్లారిపోతాయి" అన్నాడు లూపే మూట విప్పుతూ.

"పోనీలే" అంది నేడీన్ ముక్కు తుడుచుకుంటూ. "లూపే, నువ్వు ఆ జేబు చూడకపోతే..."

"ఆ థాంక్సేదో ఇప్పుడు నాకు చెప్పకు. ఆయన కోసం దాచుకో."

శుక్రవారమంతా పుట్టీ ఆరేదాకా కాచుకుని, ఉప్పుకాగితం నీళ్ళలో తడిపి నున్నగా రుద్దింది, కళ్ళు మూసుకునే రుద్దింది. వేలికి గరుకు తగిలినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ. అతుకు మాత్రం పిండి రాసినట్టు తెల్లగా కనబడుతోంది. మీద ప్రైమరు వేసి ఆరబెట్టే టైము లేదు. ఉండనీ అనుకుంది. చూసేవాళ్ళకే కదా అది.

శనివారం వర్జిల్ గారింట్లో గోడలన్నీ బోసిగా ఉన్నాయి. అట్టపెట్టెల మధ్య ఒక బల్ల, మూడు కుర్చీలు. బీన్సు, మొక్కజొన్న రొట్టె తిన్నాక షార్లీన్ కంచాలు తీసేసింది. నేడీన్ చెప్పుల పెట్టెలోంచి కారు తీసి ఆయన ముందు పెట్టింది. ఏమీ చెప్పకూడదనుకుంది, చెప్పలేదు.

"ఏమిటిది?"

"మీరే చూడండి."

ఆయన చేతులు పెద్దవి, వేళ్ళ కణుపులు లావెక్కాయి. ముందు చక్రాలు తడిమాడు. "సాలెపురుగా?" అన్నాడు. షార్లీన్ నవ్వింది. నేడీన్ నవ్వలేకపోయింది. ఇంజను దగ్గరికొచ్చి పొగగొట్టాలు లెక్కపెట్టాడు. "పావుమైలు పందెం బండి, డ్రాగ్‌స్టరు. మంచి పని. ఎవరి బండి?"

ఎవరి బండి అన్నాడు. ఏడు నెలల పని ఆ ఒక్క మాటతో నేల కూలినట్టయింది.

ఆయనకేం తోచిందో, కారును మెల్లగా తిప్పుకున్నాడు. వెనకభాగం తన పొట్టవైపుకు, ముక్కు అవతలికి. లోపల తను కూర్చుని ఉన్నట్టుగా. ఎడమచెయ్యి సీటు మీద పెట్టాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వెతుక్కోకుండానే పక్కకు వెళ్ళి కడ్డీని పట్టుకున్నాయి.

పట్టుకుని ఆగిపోయాయి.

"టేపు" అన్నాడు. "షార్లీన్, దీనికి టేపు చుట్టి ఉంది."

"అవును నాన్నా, నల్ల టేపు."

ఆయన ఎడమచేతి వేలు సీటు మీంచి కిందికి దిగి, పిడి తాకి, దాన్ని దాటి పెడళ్ళ దగ్గరికి వెళ్ళింది. వేలికొస చెక్కముక్క మీద నిలిచింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. తీగ చుట్లు కూడా తడిమాడు.

"పొట్టీ," అన్నాడు, "దీన్ని నేను తియ్యనే లేదు తెలుసా."

"తెలుసు." నేడీన్ కుర్చీ ముందుకు లాక్కుంది. "వర్జిల్ గారూ, ఆ పిడి లాగాక క్లచ్చితో పనేముంది?"

ఆయన ముఖమంతా మెల్లగా ముడతలు పడింది. నవ్వు. "ఎప్పుడు తెలిసింది?"

"మొన్న గురువారం."

"అరవై మూడేళ్ళా? మెకానిక్కువి నువ్వు, ఇంకా ముందే పట్టేస్తావనుకున్నా."

"ఎందుకలా చేశారు?"

"నీ కాళ్ళు ఎప్పుడూ ఊగుతుండేవే. చూళ్ళేకపోయేవాణ్ణి."

షార్లీన్ గిన్నెలు కడగడం ఆపేసింది. నేడీన్ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఆ ఊళ్ళో అనని మాటను, తడబడకుండా, చదువుకున్న పాఠంలా అంది. "థాంక్స్ వర్జిల్ గారూ. ఆ లైటుకీ, బోల్టులకీ, ఆ చెక్కకీ. నేను తిన్న ప్రతి ముద్దా ఆ గరాజులోంచే వచ్చింది. ఎన్నడూ చెప్పలేదు."

ఆయన తల పక్కకు తిప్పాడు. "ఇటు చెవి సరిగా వినబడదు," అన్నాడు. "అటొచ్చి ఇంకోసారి చెప్పు."

ఆమె లేచి అటువైపు వెళ్ళి మళ్ళీ చెప్పింది. రెండోసారి అంత తేలిగ్గా రాలేదు.

ఆదివారం పొద్దున్న సామానంతా లారీ ఎక్కింది. వర్జిల్ గారు కారును పెట్టెలో పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. లూపే కూడా వచ్చాడు, టోపీ తీసి కంచె దగ్గర నిలబడ్డాడు. షార్లీన్ బండి గరాజు ముందునుంచి వెనక్కి కదిలింది. ఆ వాలు అరవై మూడేళ్ళుగా అలాగే ఉంది, మొదలయ్యే చోట ఏ బండైనా ఒక్కసారి తూలుతుంది. తూలినప్పుడు కిటికీలోంచి నేడీన్ చూసింది. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు ఒళ్ళోని బ్రేకును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.